1948 నుంచి మొదలుపెడితే

ఆస్ట్రేలియా ఎడారి చిత్రకళ గురించి ఏ పుస్తకం తెరిచినా కథ దాదాపు ఒకే చోట మొదలవుతుంది. 1971వ సంవత్సరం, పపున్యా అనే స్థావరం, జెఫ్రీ బార్డన్ అనే తెల్ల బడిపంతులు, బడి గోడ మీద తేనెచీమ గాథను చిత్రించిన పెద్దమగవాళ్ళు. మరుసటి ఏడాది వాళ్ళే పపున్యా తూలా అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. ఆ తర్వాతి విజయం లోకమంతా చూసిందే. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ కథలోకి ఆడవాళ్ళు ఎప్పుడొస్తారా అని వెతికితే చాలా పేజీలు తిప్పాలి. వచ్చినా ఆలస్యంగా వచ్చినవాళ్ళుగానే వస్తారు. డెబ్బై దాటిన స్త్రీ మొదటిసారి కాన్వాసు ముందు కూర్చుంటే ఆమె ‘వర్ధమాన కళాకారిణి’ అవుతుంది. ఎవరి లెక్క ప్రకారం వర్ధమానం?

ఆ లెక్కను కొంచెం వెనక్కి జరిపి చూద్దాం.

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రపు వాయవ్య మూలన, మస్‌గ్రేవ్ కొండల దగ్గర ఎర్నబెల్లా ఉంది. అక్కడి పిజంజరా ప్రజలకి అది పుకాజా. 1937లో ప్రెస్బిటేరియన్ చర్చి అక్కడ మిషన్ పెట్టింది. చుట్టూ ఉన్న మిషన్లతో పోలిస్తే ఇది కాస్త నయం. బడిలో పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పారు, బట్టల పేరుతో బలవంతం చెయ్యలేదు. అయినా మిషన్ మిషనే, దాని ఉద్దేశాలు దానివి. గొర్రెల మంద ఉంది కనుక ఉన్ని ఉంది. ఆ ఉన్నిని వడికి, నేసి అమ్మితే ఆడవాళ్ళకి పనీ నాలుగు డబ్బులూ దొరుకుతాయని 1948లో చేతిపనుల గది ఒకటి తెరిచారు. వడకడం మాత్రం మిషన్ నేర్పిన విద్య కాదు. తలవెంట్రుకలనీ జంతువుల బొచ్చునీ చేతికదురుతో దారం తీయడం ఆ స్త్రీలకి అమ్మమ్మల నుంచి వచ్చిన పని. ఆ కదురే ఉన్నికీ పనికొచ్చింది. నేటికీ నడుస్తున్న మూలవాసుల కళాకేంద్రాల్లో అన్నిటికన్నా పాతది ఆ గదే. పపున్యా గోడ కంటే ఇరవై మూడేళ్ళు పెద్దది.

మరి చరిత్ర అక్కడ ఎందుకు మొదలు కాలేదు?

తేలిగ్గా దొరికే జవాబు ఒకటుంది. అది ‘చేతిపని’, ఇది ‘కళ’. రగ్గు కాళ్ళ కిందికి పోతుంది, కాన్వాసు గోడ మీదికి పోతుంది. ఈ విభజన ప్రపంచంలో ఎక్కడైనా ఎవరి చేతులు ఏం చేశాయన్న దాన్ని బట్టే జరుగుతుందని మనకి తెలుసు. కుట్టు, అల్లిక, పాట, పొడుపుకథ - ఇవి సాహిత్యమా కాదా అని మన విశ్వవిద్యాలయాల్లో ఎంత గింజుకున్నామో గుర్తుంది కదా. కానీ ఎర్నబెల్లా విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. నాకు ఆసక్తిగా ఉన్నది అదే.

ఆ గదిలోని స్త్రీలు రగ్గుల మీదా, తర్వాత బట్టల మీదా వేసిన ఆకృతుల్ని ‘వాల్కా’ అంటారు. 1940లలో బడిపిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, రంగు సుద్దలతో కాగితాల మీద వేసిన మెలికల నుంచి అవి పెరిగాయి. ఒకదానిలోంచి ఒకటి విచ్చుకునే వంపులు, ఆకుల్లాంటివి, పూరేకుల్లాంటివి. వాటి అర్థమేమిటని అడిగితే, వీటిలో జుకుర్ప లేదని ఆ స్త్రీలే చెప్పేవారు. జుకుర్ప అంటే నేల పుట్టుక, ధర్మం, హక్కు అన్నీ కలిసిన పూర్వగాథ. పవిత్రమైన దాన్ని బజారులో పెట్టకూడదన్న పట్టింపు అక్కడ బలంగా ఉండేది. అమ్మకానికి పెట్టదగ్గ అందం వేరు, దాచుకోవలసిన గాథ వేరు. ఆ గీత గీసుకున్నది వాళ్ళే. నా మటుకు ఇది అమాయకత్వం కాదు, ఒక నిర్ణయం. కానీ 1970ల తర్వాత పెరిగిన బజారు బొమ్మతో పాటు గాథనీ అడిగింది. గాథ రాసిన కాగితం జతగా లేకపోతే అది ‘అలంకారం’. దాచుకున్నందుకు వాల్కా విలువ తగ్గింది.

అదే ఊళ్ళో ఆడపిల్లలు ఇసుకలో కథ చెప్పే ఆట ఒకటుంది. చిన్న పుల్లతో నేల మీద తట్టుకుంటూ, మనుషుల్నీ ఇళ్ళనీ గీస్తూ, దృశ్యం మారినప్పుడల్లా అరచేత్తో చెరిపేస్తూ చెబుతారు. వెంటనే మన ముగ్గు గుర్తొస్తుంది. నాకూ వచ్చింది. అయితే ముగ్గు ఎవరైనా వెయ్యవచ్చు. ఈ ఎడారుల్లో పవిత్ర గాథల ఆకృతి మీద హక్కు పుట్టుక ద్వారా, నేల ద్వారా, పెద్దల అనుమతి ద్వారా వస్తుంది. పోలికని అంతటితో ఆపడం మంచిది.

1971లో, అంటే సరిగ్గా పపున్యా గోడ నాడే, ఎర్నబెల్లాకి బాతిక్ వచ్చింది. వేడి మైనంతో గీసి, రంగులో ముంచి, మైనం కరిగించే అద్దకం. 1975లో ముగ్గురు స్త్రీలు, న్యుకనా బేకర్, జిలియన్ డేవీ, యిపాటి కుయాటా, ఇండోనేషియాలోని యోగ్యకర్తా వెళ్ళి అక్కడి బాతిక్ పరిశోధనా సంస్థలో నేర్చుకుని వచ్చారు. నాలుగైదేళ్ళ కిందటే మొదలైన పనిని వాళ్ళు ఆ విద్య పుట్టిన చోటికే తీసుకెళ్ళి సరిచూసుకున్నారన్నమాట. ఎడారి కళ చరిత్రలో ఈ ప్రయాణానికి ఒక అధ్యాయం దక్కాలి. దక్కేది ఎక్కువగా ఒక అధోజ్ఞాపిక.

అసలు మలుపు తర్వాతది. 1977లో ఎర్నబెల్లా నుంచి యిపాటి, సుజాన్ బ్రైస్ అనే కార్యకర్తతో కలిసి ఉత్తరాన ఆలిస్ స్ప్రింగ్స్ అవతల ఉన్న యుటోపియాకి వెళ్ళి అక్కడి స్త్రీలకి బాతిక్ నేర్పింది. నేర్చుకున్నవారిలో అరవై దాటిన అన్మచెర్ స్త్రీ ఒకరున్నారు. ఎమిలీ కామ్ ఉంగ్వారే. పశువుల స్టేషన్లలో కూలిపని చేసి, ఒంటెల్ని తోలి, పండుగల్లో తోటి స్త్రీల ఛాతీల మీదా భుజాల మీదా ఎర్రమట్టి చారలు దశాబ్దాలుగా గీస్తూ వచ్చిన మనిషి. బాతిక్ పదకొండేళ్ళు చేశారు. 1988 చివర్లో యుటోపియా స్త్రీలకి కాన్వాసులు పంచినప్పుడు వాటికి మారారు. ఎందుకు మారారో ఆమే చెప్పారు. బట్టని ఉడకబెట్టడం, ఉతకడం, ఆ చాకిరీకి విసుగొచ్చింది, చూపూ తగ్గింది. విమర్శకులు ఇక్కడ ‘మాధ్యమ పరిణామం’ లాంటి మాటలు వాడతారు. ఆమె చెప్పింది చాకిరీ గురించి.

తర్వాత ఎనిమిదేళ్ళు. సుమారు మూడు వేల కాన్వాసులంటారు. 1996లో మరణించారు. 1997లో వెనిస్ ద్వివార్షిక ప్రదర్శనలో ఆస్ట్రేలియా తరఫున ఆమె చిత్రాలున్నాయి. 1994 నాటి ఒక పెద్ద చిత్రం 2007లో పదిలక్షల డాలర్లు దాటింది, 2017లో ఇరవై లక్షలు దాటింది. 2025లో లండన్ టేట్ మోడర్న్‌లో ఆమెకి ప్రత్యేక ప్రదర్శన జరిగింది. తిరిగి అమ్మినప్పుడు కళాకారులకి అయిదు శాతం దక్కాలన్న చట్టం 2010 జూన్‌లో గానీ అమల్లోకి రాలేదు. ఎడారి చిత్రకళలో లోకానికి అందరికన్నా బాగా తెలిసిన పేరు ఇది. ఆ పేరు వెనక్కి పోయే దారి పపున్యా బడి గోడకి చేరదు. బాతిక్ బట్ట మీదుగా, యిపాటి మీదుగా, 1948 నాటి ఉన్ని గదికి చేరుతుంది.

ఇక పపున్యా తూలాలో ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. భర్తల, తండ్రుల కాన్వాసుల మీద చుక్కలు నింపుతూ. సంతకం వాళ్ళది కాదు. 1980లలో ఒకరిద్దరు సొంతంగా వేశారు. 1994లో కింటోర్, హాస్ట్స్ బ్లఫ్ స్త్రీలు కలిసి పెద్ద కాన్వాసులు వేశాక, 1996 నుంచి ఆ సంస్థలో స్త్రీల చిత్రాలు బాగా పెరిగాయి. ఇరవై అయిదేళ్ళు చుక్కలు పెట్టిన చెయ్యి ఆనాడు ‘కొత్త చెయ్యి’గా పరిచయమైంది.

పిజంజరా ప్రాంతంలో దారి వేరుగా నడిచింది. భూమిహక్కు చర్చల్లో తమ మాట ఎవరూ అడగడం లేదని 1980లో మూడు రాష్ట్రాల సరిహద్దుల ఎడారి స్త్రీలు సొంత మండలి పెట్టుకున్నారు. 1981లో సుమారు లక్ష చదరపు కిలోమీటర్ల నేల మీద వారి జాతులకి హక్కు వచ్చింది. ఆ మండలి నుంచే 1995లో గడ్డి అల్లికల కార్యక్రమం పుట్టింది. పాపులాంకుజా స్త్రీలు ఎండుగడ్డితో నిజమైన బండి అంత టొయోటాని అల్లి 2005లో దేశపు మూలవాసీ కళాపురస్కారాల్లో పెద్ద బహుమతి గెలుచుకున్నారు. నవ్వొచ్చే బొమ్మే. కానీ బండి లేని స్త్రీ తన నేల దగ్గరికి పోలేదు, నేల దగ్గరికి పోనిదే గాథ నిలవదు. ఆ సంగతి తెలిస్తే బొమ్మ వేరుగా కనిపిస్తుంది. అమాటా అనే ఊళ్ళో 1997లో స్త్రీలు పెట్టుకున్న కేంద్రం పేరు ‘మిన్మాకు’, అంటే ఆడవాళ్ళది. మగవాళ్ళూ వెయ్యడం మొదలుపెట్టాక, 2006లో, తేనెచీమ పేరు మీద ‘జాలా’ అయింది. తలుపు తెరిచిందీ ఆడవాళ్ళే, పేరు వదులుకున్నదీ ఆడవాళ్ళే. ఆ కేంద్రపు కెన్ అక్కచెల్లెళ్ళు 2016లో ప్రకృతి దృశ్యాలకిచ్చే విన్ బహుమతి గెలిచారు. 2017లో మిమిలీ నుంచి బెట్టీ కుంటివా పుమాని, 2018లో యుకుల్జి నపంగటి, 2019లో మళ్ళీ కెన్ కుటుంబపు సిల్వియా. నాలుగేళ్ళు వరసగా ఎడారి స్త్రీలే.

ఎర్నబెల్లా ఇప్పుడు బాతిక్ వదిలేసింది. 2000ల మొదట్లో కాన్వాసు మీద జుకుర్ప వెయ్యడం మొదలైంది. పెద్దలు ఆలోచించి, ఎంత చూపవచ్చో తేల్చుకుని. 2003 నుంచి మట్టిపాత్రలు చేస్తున్నారు. ఆ గదిలో పనిచేసి, నేర్పిన ఆలిసన్ మిల్యికా కారొల్‌కి 2020లో మూలవాసీ కళాకారులకిచ్చే రెడ్ ఓకర్ జీవితకాల పురస్కారం వచ్చింది. ఆ పాత్రల మీద పైపూతని సన్నగా గీకి, కింది మట్టి రంగు బయటికి తెస్తూ ఆకృతి వేస్తారు. గ్యాలరీ చీటీ మీద వాళ్ళలో చాలామంది ‘వర్ధమానులే’. గీస్తున్న వంపుల్లో 1940ల బడిపిల్లల మెలికలు ఇంకా ఉన్నాయి.