ప్రశ్న – జ్ఞాపకం – సాక్ష్యం: సూచక ప్రశ్నల చరిత్రపై ఒక పరిశీలన

సాక్షి చెప్పిన జవాబుతో పాటు దానిని రాబట్టిన ప్రశ్ననూ పరీక్షించాలని న్యాయశాస్త్రం ఏనాడో గుర్తించింది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 నాటి భారత సాక్ష్య చట్టం, అడిగేవారు ఆశించే జవాబును తనలోనే సూచించే ప్రశ్నను 141వ సెక్షనులో నిర్వచించింది. ఎదుటి పక్షం అభ్యంతరం చెప్పినప్పుడు, న్యాయస్థానం అనుమతి లేనిదే ప్రధాన విచారణలో అటువంటి ప్రశ్న వేయరాదని 142వ సెక్షను చెప్పింది. ఎదురు విచారణలో మాత్రం 143వ సెక్షను దానిని అనుమతించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమూ ఈ సూత్రాన్ని కొనసాగించింది. ఈ నియమం దృష్టి జవాబుపైనే ఉంది. ప్రశ్న వల్ల సాక్షి జ్ఞాపకానికి ఏమవుతుందన్న విచారణ దాని పరిధిలోకి రాలేదు.

ఆ విచారణను మనోవిజ్ఞానం చేపట్టింది. ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే 1900లో ప్రకటించిన గ్రంథంలో పిల్లలపై జరిపిన ప్రయోగాలను వివరించాడు. అట్టకు జిగురుతో అతికించిన బొత్తాన్ని చూపి, అది దారంతో కట్టి ఉందన్నట్లు ప్రశ్నిస్తే పిల్లల జవాబుల్లో తప్పులు పెరిగాయి. 1908లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ న్యాయస్థానాలు ఈ శాస్త్రాన్ని పట్టించుకోవడం లేదని విమర్శించగా, మరుసటి ఏడాదే సాక్ష్య శాస్త్రవేత్త జాన్ విగ్మోర్ ఆ వాదాన్ని వ్యంగ్యంగా ఖండించాడు.

1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అమెరికాలో చేసిన ప్రయోగాలు ఈ చర్చకు కొత్త ఆధారాన్నిచ్చాయి. కార్ల ప్రమాద దృశ్యాలను 45 మంది విద్యార్థులకు చూపి, వాటి వేగాన్ని అంచనా వేయమన్నారు. ప్రశ్నలో క్రియ ఒక్కటే మారింది. కార్లు ‘తాకినప్పుడు’ అన్న అర్థమిచ్చే క్రియకు సగటు జవాబు గంటకు 31.8 మైళ్లు, ‘గుద్దుకొని నుజ్జయినప్పుడు’ అన్న అర్థమిచ్చే క్రియకు 40 మైళ్లకు పైగా. రెండవ ప్రయోగంలో వారం తరువాత, పగిలిన గాజు కనిపించిందా అని అడిగారు. దృశ్యంలో గాజు ముక్కలే లేవు. అయినా తీవ్రమైన క్రియను విన్న 50 మందిలో 16 మంది ఉన్నాయన్నారు. ‘ఢీకొన్నప్పుడు’ అన్న సాధారణ క్రియ విన్న 50 మందిలో అలా చెప్పినవారు ఏడుగురే.

1975లో లోఫ్టస్, గైడో జానీ ఆంగ్లంలోని నిశ్చయార్థక ఉపపదం సైతం లేని వస్తువును చూశామనిపించగలదని చూపారు. తెలుగులో ఆ ఉపపదం లేదు. అయినా ‘పగిలిన దీపాన్ని చూశారా?’ అన్నప్పుడు ద్వితీయా విభక్తి ఆ దీపం ఉన్నట్లే ధ్వనింపజేస్తుంది. ‘పగిలిన దీపం ఏదైనా కనిపించిందా?’ అన్న ప్రశ్న అంతగా ఊహను కల్పించదు.

ఇక్కడ మారేది జ్ఞాపకమా, జవాబు మాత్రమేనా అన్న వివాదాన్ని 1985లో మైకేల్ మెక్‌క్లోస్కీ, మరియా జరగోజా లేవదీశారు. ఏది నిజమైనా, న్యాయస్థానంలో చేసే నియంత్రణ ఆలస్యంగా జరిగేదే. సాక్షి బోనెక్కే నాటికి పోలీసులు, బంధువులు, ఇరుగుపొరుగువారు అతనిని ఎన్నోసార్లు అడిగి ఉంటారు. పోలీసు వాంగ్మూలం సాధారణంగా కథన రూపంలో ఉంటుంది. ప్రశ్నలు అందులో కనిపించవు. కనుక జవాబుతో పాటు ప్రశ్ననూ, సాక్షి భాషలో అడిగినది అడిగినట్లే నమోదు చేసినప్పుడే ఆ సాక్ష్యం విలువను నిర్ణయించడం సాధ్యమవుతుంది.