భాగం దక్కని దైవం: దక్షయజ్ఞ గాథ, బొంతపల్లి వీరభద్రుడు, ప్రాచీన గ్రీకుల నిత్యజీవనం

ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలోని బొంతపల్లి నేడు ఔషధ, రసాయన పరిశ్రమల నడుమ ఉన్న గ్రామం. పటాన్‌చెరు పరిసరాల్లో విస్తరించిన పారిశ్రామిక వలయంలో అదీ చేరింది. అయితే చుట్టుపక్కల జనానికి ఆ ఊరి పేరు వినగానే స్ఫురించేది భద్రకాళీ సమేత వీరభద్రస్వామి ఆలయం. వీరభద్రుడు దక్షయజ్ఞ ధ్వంసం కోసం అవతరించిన దైవం. ఒక పిలుపు లోపించడమే అతని పుట్టుకకు కారణం.

ఈ గాథను శైవ మతోద్ధతికి నిదర్శనంగానో, వీర రౌద్ర రసాల పోషణకు ఉదాహరణగానో చూడడం పరిపాటి. ఆ చూపు విధ్వంస ఘట్టం దగ్గరే ఆగిపోతుంది. కథ మాత్రం అక్కడ ముగియదు; ఎవరి భాగం ఎవరికి చెందాలో తేల్చిన తరువాతే ముగుస్తుంది. ఆ ముగింపును ఇంటింటి ఆచారాలతోనూ, ప్రాచీన గ్రీకుల నిత్యజీవనంతోనూ కలిపి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. గ్రీకులకు మతాన్ని తక్కిన జీవితం నుంచి వేరుచేసి చెప్పే ఒక్క మాట లేదు. సర్వులకూ ప్రమాణమైన ఏకైక పవిత్ర గ్రంథమూ లేదు. వారి పురాణం వంటింట్లో, పొలంలో, పెళ్ళిలో ఆచారంగా నిలిచింది. తెలుగు గ్రామ జీవనంతో పోలికకు ఈ అంశమే ఆధారం.

దక్షయజ్ఞం: ధ్వంసం నుంచి విభజనకు

రుద్రుని యజ్ఞభాగం పురాణాలకంటే పాతదైన సమస్య. శతపథ బ్రాహ్మణం ప్రకారం దేవతలు యజ్ఞం ద్వారా స్వర్గానికి వెళ్ళగా, వెనుక విడువబడినవాడు రుద్రుడు. అతడు ఆయుధమెత్తి అడ్డగించిన మీదట అతనికి స్విష్టకృత్ భాగం ఏర్పడింది. పురాణాల్లోని దక్షయజ్ఞ కథకు బీజం ఈ వైదిక గాథల్లో కనిపిస్తుంది.

తెలుగులో ఈ కథకు పోతన పేరుతో రెండు రూపాలున్నాయి. ఒకటి వీరభద్ర విజయం, మరొకటి భాగవత చతుర్థ స్కంధంలోని దక్షయజ్ఞ ఘట్టం. భాగవత కథలో భగుడు కళ్ళు, పూషుడు పళ్ళు, భృగువు గడ్డం, దక్షుడు తల పోగొట్టుకుంటారు. వీటిలో భగుని శిక్ష ప్రత్యేకంగా గమనించదగినది. భగ, భాగ, భాగ్య శబ్దాలు మూడూ పంచుట అనే అర్థం గల భజ ధాతువు నుంచి పుట్టినవే. పంపకానికి అధిదేవత అయినవాడు ఒకరికి భాగం లేని సభలో కూర్చున్నాడు. అతని చూపే పోయింది. శిక్షకూ అపరాధానికీ దగ్గరి సంబంధం తక్కినవారి విషయంలోనూ కనిపిస్తుంది.

కథాంతంలో దక్షునికి మేక తల అమరుతుంది. భగుడు మిత్రుని కళ్ళతో చూడాలి, పూషుడు పిండి తినాలి. యజ్ఞంలో మిగిలిన ఉచ్ఛిష్టం రుద్రుని భాగమవుతుంది. దెబ్బతిన్నవారందరికీ మళ్ళీ యజ్ఞంలో చోటు దొరుకుతుంది. కోపం చల్లారడానికి కేవల స్తోత్రం చాలలేదు. భాగం ఇవ్వవలసి వచ్చింది.

గ్రీకు గాథల్లో మరచిన దేవత

హోమర్ ఇలియడ్ తొమ్మిదవ సర్గలో కాలిడాన్ రాజు ఓయినియస్ కథ వస్తుంది. పంట చేతికొచ్చినప్పుడు అతడు దేవతలందరికీ బలులిచ్చి ఆర్టెమిస్‌ను విడిచిపెట్టాడు. మరిచాడో, గమనించలేదో కవి తేల్చలేదు. ఆమె పంపిన అడవిపంది అతని తోటలను నాశనం చేసింది. దాని తల, చర్మం ఎవరికి దక్కాలన్న తగవు యుద్ధంగా మారింది. దక్షునిది అహంకారం, ఓయినియస్‌ది బహుశా ఏమరుపాటు. భాగం అందని దైవానికి ఆ తేడాతో పనిలేదు.

గ్రీకు భాషలో మోయిరా అంటే భాగం, విధి కూడా. తెలుగులో భాగం నుంచి భాగ్యం వచ్చినట్లే అక్కడా వంతుకూ విధికీ ఒకటే మాట. హెసియడ్ చెప్పిన మెకోనె కథలో దేవతలకూ మనుషులకూ ఎద్దు మాంసం పంచేటప్పుడు ప్రొమీథియస్ మోసం చేస్తాడు. మానవుల కష్టాలకు ఆ పంపకమే నాంది. 1979లో మార్సెల్ దెతియెన్, జాన్-పియెర్ వెర్నాన్ వెలువరించిన వ్యాససంపుటి గ్రీకు బలిని వధగానే గాక వంటగా, పంపకంగా చూడాలని నిరూపించింది.

ఇంటి ఆచారాల్లోనూ ఈ దృష్టే ఉంది. విందులో మొదటి ధార, చివరి ధార పొయ్యి దేవత హెస్తియావి. సరుకుల గదిలో జ్యూస్ క్తేసియోస్ పేర ఒక కుండ ఉండేది. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ శాసనం ఎల్యూసిస్ దేవతలకు తొలిపంట భాగాన్ని బార్లీలో 600వ వంతుకు, గోధుమల్లో 1,200వ వంతుకు తగ్గకుండా నిర్ణయించింది. ఆర్కన్ పదవికి ఎంపికైనవారిని మీ అపోలో పత్రోయోస్, జ్యూస్ హెర్కెయోస్ ఎక్కడున్నారని అడిగేవారని అరిస్టాటిల్ పేర దొరికే ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథం చెబుతోంది. తెలుగులో చెప్పాలంటే అది ఇలవేల్పు ఎక్కడన్న ప్రశ్న.

తెలుగు ఆచారంలో తొలి పిలుపు

తెలుగువారి ఇళ్ళలో తొలి శుభలేఖ ఇలవేల్పు ముందు పెట్టడం సర్వసాధారణం. వీరభద్రుని కొలిచే అనేక కుటుంబాల్లో పెళ్ళికి ముందు ఆయన పేర పళ్ళెరం పట్టి, ఖడ్గాలు చదువుతారు. శరభ నినాదాలతో సాగే ఆ పఠనంలో దక్షయజ్ఞ కథ మళ్ళీ వినిపిస్తుంది. పిలవని పెద్దల శుభకార్యం ఏమైందో చెప్పే కథను శుభకార్యం ముంగిట చదవడం అలంకారం కోసం కాదు. ఈ ఇల్లు దక్షుని తప్పు చేయడం లేదని కథ సాక్షిగా చెప్పుకోవడం అది. కళ్ళంలో పొలి, కొత్త ధాన్యంతో నైవేద్యం, భోజన శబ్దం నుంచి వచ్చిన బోనం, ఇవన్నీ ఈ వరుసలోనివే. కొత్తకొండ వీరభద్రుని సంక్రాంతి జాతరకు కడిపికొండ కుమ్మరులు ఎడ్లబండ్లపై తరలివెళ్ళడం ఒక వృత్తి సమూహమంతా తన వంతు చెల్లించే తీరు.

భాగం ఎవరికి?

పంపకం ఉన్నచోట వెలి కూడా ఉంటుంది. ఏథెన్స్‌లో బలి మాంసపు వంతు పౌరసత్వానికి గుర్తు. బానిసలు ఆ పౌరసమూహానికి వెలుపలివారు. వీరశైవ కవులు ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో మాదర చెన్నయ్య రహస్యంగా శివునికి అంబలి ఆరగింపు చేస్తాడు. శివుడు ఆ అంబలి రుచికి చోళరాజు నైవేద్యాన్ని ముట్టడు. దక్షయజ్ఞంలో భాగం లేనివాడు దైవం. ఇక్కడ సంఘంలో భాగం లేనివాడు భక్తుడు. వెలి అనుభవం ఎరిగిన దైవం వెలిబడినవాని పొత్తులో కూర్చోవడం ఒకే తర్కానికి కొనసాగింపు. సోమనాథుని భక్తి సామాజిక స్వభావాన్ని వివరించడానికి దక్షయజ్ఞ గాథ కూడా ఆధారమవుతుందని దీనివల్ల తేలుతుంది.

ముగింపు

బొంతపల్లి వంటి ఊళ్ళలో ఈ అధ్యయనానికి తొందర ఉంది. పొలం పరిశ్రమగా మారినచోట కళ్ళం లేదు. కళ్ళం లేనిచోట పొలికి తావు లేదు. పంట చుట్టూ అల్లుకున్న భాగ సమర్పణ తెగిపోతుంది. పెళ్ళి చుట్టూ అల్లుకున్నది నిలుస్తుంది, ఎందుకంటే ఇలవేల్పు నేలతోనే గాక వంశంతోనూ ముడిపడి ఉంటుంది. దసరా నాటి ఆయుధపూజలో నాగలి స్థానంలోకి యంత్రం వచ్చింది. వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చి షిఫ్టుల్లో పనిచేసే కార్మికులకు ఆ ఊరి దైవంతో, ఆ ఊరి పొత్తుతో ఏ సంబంధం ఏర్పడుతుందన్నది క్షేత్ర పరిశోధన తేల్చవలసిన విషయం. ఖడ్గ పాఠాల సేకరణ, వాటిని చదివే సందర్భాల నమోదు అందుకు తొలి మెట్టు. దక్షయజ్ఞ కావ్యాలను ఆ పాఠాల పక్కన పెట్టి చదివినప్పుడు వీరభద్రుడు యజ్ఞాన్ని చెరిచిన దైవంగానే గాక, పంపకాన్ని సరిదిద్దిన దైవంగా అర్థమవుతాడు.