వీధివార వస్తువు

గడప దాటిన పిదప, బండిబాట చేరుటకు ముందు, నాలుగైదడుగుల నేల యుండును. మన యూళ్లలో అరుగు అక్కడనే వెలసినది. రోలు, కుక్కిమంచము, పిడకల గుట్ట, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక, ఇవి యన్నియు అక్కడికే చేరును. ఆ నేల ఇంటివానిది కాదు. కాని తనది కాదని ఏ యింటివాడును మనస్ఫూర్తిగా ఒప్పుకొనడు. ఇరుగుపొరుగుల తగవులెన్నో ఈ నాలుగడుగుల చోటున పుట్టినవే. రాజుల జైత్రయాత్రలను వర్ణించినవారు దీనిని పట్టించుకొనలేదు గాని, ధర్మము చెప్పవలసినవారు మాత్రము పట్టించుకొనక తప్పినది కాదు. వారేమి చెప్పిరో ఈ ప్రసంగమున కొంత విచారింతము.

తగవున రెండు ప్రశ్నలు కలవు. ఉంచిన వస్తువు దారి కడ్డమా, కాదా యనునది మొదటిది. అట్లు బయట విడిచిన వస్తువు విడిచినవానిదేనా, లేక ఎత్తుకొన్నవానిదా యనునది రెండవది. రెండవదానియందే చిక్కు ఎక్కువ.

1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రమున నగరపాలకుని విధులను చెప్పు అధ్యాయమొకటి యున్నది. వీధిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు దండుగ. బురదనీరు నిలువ చేసినచో పాతిక పణము. అదే రాజమార్గమైనచో రెట్టింపు. చిత్రమేమనగా, అదే యధ్యాయమున అగ్నిభయము కొరకు నీటికుండలను వీధులలో వేలకొలదిగా వరుస పెట్టించవలెనని యున్నది. ప్రతి యింటివాడును కుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగా నుంచుకొనవలెను; ఉంచనిచో పాతిక పణము దండుగ. అనగా వీధిలో వస్తువుండుట తప్పు గాదు, ఎవరి పనికై యున్నదను ప్రశ్నయే ముఖ్యమని మాకు తోచుచున్నది. సర్కారు కుండకు చోటున్నది, ఇంటివాని బుట్టెడు దుమ్మునకు లేదు.

ఇండ్ల తగవులను ఆ గ్రంథము మూడవ అధికరణమున విచారించినది. అట్టి తగవులకు పొరుగువారే ప్రమాణమట. రెండిండ్ల నడుమ ఎంత యెడముండవలెనో, చూరుల నడుమ నాలుగంగుళములు వదలవలెనో లేక ఒకదానిపై నొకటి వచ్చునట్లు కట్టవలెనో, అదియు చెప్పినది. చెత్తగుంటను, మురుగుకాలువను తగని చోట త్రవ్వరాదు; కాని బాలింతరాలి నీటికై త్రవ్విన గుంటను పది దినములవరకు సహింపవలెను. దండుగలను ఎనిమిదవ వంతులతో లెక్కించిన కఠినుడు పురిటింటిని మరువలేదు.

మనుస్మృతియందును ఇట్టి దయ కానవచ్చును. ఆపద లేనిదే రాజమార్గమున మలినము వేసినవాడు రెండు కార్షాపణములిచ్చి, వెంటనే దానిని తానే తీసివేయవలెను. ఆపన్నులు, వృద్ధులు, గర్భిణులు, బాలురు ఆ పని చేసినచో మందలించి శుభ్రము చేయించినచో చాలును.

ఇట్టి చూపే రోమునగరపు ధర్మవేత్తలకును ఉండెను. క్రీ.శ. 533లో జస్టీనియను చక్రవర్తి ప్రకటింపించిన డైజెస్టు అను సంకలనమున పాపీనియను వ్రాసిన పురవీధుల నిబంధనలు కొన్ని చేరినవి. ప్రతివాడును తన యింటి యెదుటి వీధిని బాగుచేసికొనవలెను. అంగళ్ల ముందు ఏమియు పెట్టరాదు. అయితే ఇద్దరికి మినహాయింపు: బట్టలు చలువచేయువాడు వాని నారవేసికొనవచ్చును, వడ్రంగి తాను చేసిన బండిచక్రములను బయట నుంచవచ్చును. బండి నడచుటకు మాత్రము ఆటంకముండరాదు. తడిబట్టకు ఎండ కావలెను, చక్రమునకు చోటు కావలెను. మన చాకలిని, మన వడ్రంగిని ఎరిగినవారి కెవ్వరికైనను ఈ నిబంధన పరాయిదిగా తోపదు.

ఇక రెండవ ప్రశ్న. విడిచిపెట్టిన వస్తువు విషయమున రోములోనే రెండు సంప్రదాయములు పోరాడినవి. యజమాని వస్తువును వదలిన క్షణముననే అది అతనిది కాకపోవునని సబీనియనులు వాదించిరి. మరియొకడు చేపట్టువరకును అది మొదటివానిదేనని ప్రోకులసు మతము. పగిలిన కుండకు ఈ వాదమెందుకని నవ్వవచ్చును. కాని వాకిట వదలిన పాతమంచమును పొరుగువాడు తీసికొనిపోవుచుండగా ఇంటివాడు బయటికి వచ్చి 'అది నాదే' యన్నచో తీర్పెట్లు చెప్పవలెను? జస్టీనియను గ్రంథములు సబీనియనుల పక్షమే వహించినవి. అయితే వదలవలెనను బుద్ధి యజమానికి నిజముగా నుండి తీరవలెను. తుపానులో ఓడ బరువు తగ్గించుటకై సముద్రమున పారవేసిన సరకు వదలినది కాదు. బండినుండి యజమాని యెరుగకుండ జారిపడినదియు అంతే. లాభాపేక్షతో దానిని తీసికొన్నవాడు దొంగయే.

మన స్మృతులు బుద్ధి నటుండనిచ్చి గడువును పెట్టినవి. యజమాని తెలియని సొత్తును రాజు మూడు సంవత్సరములు భద్రపరచవలెనని మనువు. ఒక సంవత్సరమని యాజ్ఞవల్క్యుడు. అడుగవచ్చినవాడు వస్తువు రూపము, సంఖ్య, పోయిన చోటు, కాలము, రంగు, పరిమాణము చెప్పగలిగి యుండవలెను. చెప్పలేనివానికి ఆ వస్తువంత దండుగ. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దిలో కేతన తెలుగున కవతరింపజేసినందున, ఈ వ్యవహారధర్మము మన భాషలోనికిని వచ్చినది.

ఆంగ్లేయుల కాలమున మెకాలే 1837లో చిత్తుగా సిద్ధపరచి, 1860లో శాసనమై, 1862లో అమలునకు వచ్చిన శిక్షాస్మృతి ఈ ప్రశ్నను ఉదాహరణములతో తీర్చినది. బాటమీద ఎవరిదో తెలియని రూపాయి దొరికినవాడు దానిని తీసికొన్నంతమాత్రమున నేరస్థుడు కాడు. విలువగల ఉంగరము దొరికి, యజమానిని వెదకుటకు యత్నింపక వెంటనే అమ్మినవాడు మాత్రము నేరస్థుడు. ఇది 403వ విభాగము. దారి కడ్డము పెట్టినవానిని 283వ విభాగము రెండు వందల రూపాయలవరకు జుల్మానాతో విడిచెను. ఆ మొత్తము నూటయరువదేండ్లకు పైగా మారలేదు. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది అయిదు వేలవరకు పెరిగినది.

ఇంత శాస్త్రమున్నను వీధి తన ధర్మమును తాను కల్పించుకొనుచునే యున్నది. అమెరికాలోని బోస్టను, షికాగో, పిట్సుబర్గు నగరములలో మంచు కురిసినప్పుడు ఇంటి యెదుట మంచు త్రవ్వి కారునకు చోటు చేసికొన్నవాడు, బయటికి పోవునప్పుడు అక్కడ పాతకుర్చీ నొకదానిని పెట్టి పోవును. వీధి అందరిది, శ్రమ మాత్రము అతనిది. ఆ కుర్చీని జరిపినవానితో కలహములు తప్పవు. బోస్టనులో మంచు అత్యయస్థితి ముగిసిన పిదప నలుబదియెనిమిది గంటలవరకు దీనిని సహించిరి. మా యభిప్రాయమున ఆ కుర్చీయు, మన యరుగును ఒక్క తల్లి బిడ్డలే.

కాని వీధివార వస్తువు కొందరికి మిగులు సామాను కాదు, బ్రతుకుతెరువు. బొంబాయి కాలిబాటలపై నివసించువారి వ్యాజ్యమున 1985లో సుప్రీముకోర్టు, జీవించు హక్కులో జీవనోపాధియు చేరియున్నదని చెప్పెను. అయినను కాలిబాట నాక్రమించు హక్కు లేదనియు చెప్పెను. 2014లో వీధి వర్తకుల రక్షణకై వచ్చిన శాసనము ఈ రెండింటి నడుమ దారి వెదకినది. అధికారులు సరకును పట్టుకొన్నచో జాబితా వ్రాసి, దాని ప్రతిని వర్తకునికి ఇయ్యవలెను. వర్తకుడు వచ్చి అడిగిన పిమ్మట చెడని సరకును రెండు పనిదినములలోను, కూరగాయలవంటి చెడిపోవు సరకును ఆ దినముననే తిరిగి ఇయ్యవలెను. మనువు పెట్టిన మూడేండ్ల గడువు తోటకూరకు చాలదు గదా. గంపను పోగొట్టుకొన్న యామెకు ఆ జాబితా కాగితము చేతికందినదా లేదా యనుటమీదనే ఆ సాయంకాలము పొయ్యి వెలుగుట ఆధారపడి యున్నది.