ఎలుక రంగు మార్చిన విటమిన్

అగూటీ అనే జన్యువు ఎప్పుడూ మెలకువగా ఉంటే ఎలుక పసుపు రంగులో పుడుతుంది, బాగా లావెక్కుతుంది, మధుమేహానికీ క్యాన్సర్‌కూ తేలిగ్గా లొంగుతుంది. అదే జన్యువు నిద్రపోతే గోధుమ రంగులో, సన్నగా ఉంటుంది. 2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వాటర్లాండ్, రాండీ జర్టిల్ అలాంటి సంతానాన్ని కనబోయే తల్లి ఎలుకలకు చూలు నిలవక ముందు నుంచే ఫోలిక్ యాసిడ్, బి12, కోలిన్, బీటైన్ కలిపిన మేత పెట్టారు. పిల్లల్లో గోధుమ రంగువి పెరిగాయి. జన్యువులో ఒక్క అక్షరమూ మారలేదు. మారింది తల్లి తిండి ఒక్కటే! ఈ సంగతి చదివినప్పటి నుంచి నా ధ్యాసంతా ఆ ఫోలిక్ యాసిడ్ మీదే. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపినాయన మన గోదావరి మనిషి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. పూర్తి డిగ్రీ దక్కలేదు, ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరులు రోజుల తేడాలో స్ప్రూ అనే సంగ్రహణి జబ్బుతో పోయారు. ఆయనకూ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం నిలబెట్టింది. బోస్టన్ ప్రయాణానికి మామగారు డబ్బు కూర్చారు. మా పెద్దాపురానికి దగ్గర్లోని కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేస్తామని మాటిచ్చింది. వెళ్లినాయన మళ్లీ ఈ గడ్డ మీద కాలుపెట్టలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ గుట్టు అక్కడే విప్పారు. అయినా ఆయన మనసు లివర్ సారం మీదే ఉండేది, రక్తహీనతను తగ్గించే పదార్థం అందులో ఏముందో తేల్చాలని. 1931లో బొంబాయిలో లూసీ విల్స్ గర్భిణీల రక్తహీనతను ఈస్ట్ సారంతో తగ్గించారు. 1941లో టెక్సాస్‌లో మిచెల్ బృందం నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టింది. ఆకుల నుంచి పిండే అవసరం లేకుండా 1945లో లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావు నడిపిన బృందం దాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనిచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకే మందు! అదే బృందం చేసిన అమినోప్టెరిన్ ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడుతుంది. దాంతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు కొంతకాలం కళ్లెం వేశారు. 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయారు. వయసు 53.

ఆయన చేసిన విటమిన్‌కూ ముసలితనానికీ లంకె తర్వాత తేలింది. ఫోలేట్ అనే ఆ విటమిన్ శరీరంలో ఒక కార్బన్‌ను చేతులు మార్చుతూ పోతుంది. చివరికది మిథైల్‌గా డీఎన్ఏ మీద చేరుతుంది. అక్కడ ఆ మిథైల్ తలుపుకు గడియ లాంటిది. గడియ పడిన చోట జన్యువు సాధారణంగా పనిచేయదు. ఎలుక రంగు మార్చింది ఇదే. ఎపిజెనెటిక్స్ అంటే ఇలాంటి గడియల శాస్త్రం. 1942లో శాస్త్రవేత్త వాడింగ్టన్ ఆ పేరు పెట్టారు. గడియ ఊహను 1975లో హాలిడే, పగ్ కలిసి, రిగ్స్ వేరుగా ముందుకు తెచ్చారు. వయసుతో ఈ గడియలు కొన్నిచోట్ల ఊడిపోతాయి, కొన్నిచోట్ల కొత్తగా పడతాయి. 2013లో స్టీవ్ హోర్వత్ డీఎన్ఏలో 353 చోట్ల చూసి మనిషి వయసు చెప్పే లెక్క కట్టారు. తేడా సుమారు మూడున్నరేళ్లే.

ఫోలిక్ మాత్ర మింగితే వయసు వెనక్కి పోదు. అలా చెప్పి అమ్మేవాళ్లను నమ్మొద్దు. అసలు ప్రశ్న కడుపులోని బిడ్డది. హైదరాబాద్‌ పరిశోధన సంస్థ సీసీఎంబీలో గిరిరాజ్ చాందక్ బృందం దీని మీదే పనిచేసింది. ముంబైలోనూ ఆఫ్రికాలోని గాంబియాలోనూ, తల్లి తిన్న పోషకాలు బిడ్డ డీఎన్ఏ మీద ఏ గుర్తులు వదిలాయో వాళ్లు వెతికారు.

నాకు బాధ కలిగించేది వేరు. ఫోలేట్ నీళ్లలో కరిగిపోయే సరుకు. తోటకూరను నీళ్లలో ఉడికించి వార్చేస్తే ఆ నీళ్లతో పాటే చాలా పోతుంది. పప్పులోనే వేసి ఉడికించే పాత పద్ధతిలో అది గిన్నె దాటదు, పైగా పప్పులోనూ ఫోలేట్ దండిగా ఉంటుంది. ఆ వంట ఇళ్లలో తగ్గిపోతోంది. బాధ ఇంకొకటీ ఉంది. పెద్దాపురంలో మహారాణి బుచ్చి సీతాయమ్మ గారి సత్రం అన్నం పెట్టిన పుణ్యం అందరికీ గుర్తుంది. కాకినాడ ధర్మనిధి ఒక వైద్య విద్యార్థి వెనక నిలబడిన పుణ్యం ఎంతమందికి తెలుసు? చదువుకు ఇలా చేయందించే దానాలు మళ్లీ రావాలి. ఆశా కార్యకర్త గర్భిణీకి 180 ఐరన్-ఫోలిక్ మాత్రలు ఇచ్చేటప్పుడు, "ఇందులోని ఫోలిక్ యాసిడ్ మన భీమవరం సుబ్బారావు గారు చేసిన మందమ్మా, ఒక్కటీ మానొద్దు" అని చెప్పాలి. ఇంటిమనిషి మందనుకుంటే ఏ తల్లీ మానదని నా నమ్మకం.