పంథీ: కాళ్ళు చూడు తల్లీ!

డిసెంబర్ 18 దగ్గరపడితే ఛత్తీస్‌గఢ్‌లోని మా భిలాయి చుట్టుపక్కల సత్‌నామీల పేటల్లో తెల్లజెండాలు లేస్తాయి. ఆ రోజు గురు ఘాసీదాస్ జయంతి. 1756లో గిరౌద్‌పురిలో పుట్టి, మనుషులంతా ఒక్కటేనన్నాడాయన; ఆయన బాటలో నడిచేవాళ్ళే సత్‌నామీలు. ఆయన్ని తలుచుకుంటూ తెల్లటి జైత్‌ఖాం స్తంభం దగ్గర ఆడే నాట్యమే పంథీ.

మా మనవరాలికి ఇలా చెప్తాను: "ముందు కాళ్ళు చూడు తల్లీ!" మోకాళ్ళదాకా ధోవతి, కాళ్ళకు గజ్జెలు, ఒంటిమీద చొక్కా ఉండదు. మాందర్ డోలు నెమ్మదిగా మొదలవుతుంది, ఝాంఝ్ తాళాలు తోడవుతాయి. ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకుంటారు. పోనుపోను అడుగు కంటికి ఆనదు. ఉన్నట్టుండి ఒకరి భుజాలమీదికొకరు ఎక్కి గోపురమైపోతారు. కిందివాడి పిక్కలు వణకడం ముందు వరసకే కనబడుతుంది.

పోలెండువాళ్ళ పొలొనేజ్ నాట్యం ఇందుకు తిరగేసిన వ్యవహారం. జంటలు జంటలుగా, చివరిదాకా హుందా నడకే! అది 2023లో యునెస్కో జాబితాకెక్కింది. నా ఓటు మాత్రం పంథీకే.

నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ 'చరణ్‌దాస్ చోర్'లో పంథీకి చోటిచ్చారు. ఆ నాటకం 1982లో ఎడిన్‌బరోలో బహుమతి గెలిచింది. మా దుర్గ్ ప్రాంతపు పంథీ కళాకారుడు దేవదాస్ బంజారే ఈ ఆటను విదేశాలకు తీసుకెళ్ళారు.

డిసెంబరులో ఇటొస్తే పిల్లల్నీ తీసుకురండి, ముందు వరసలో కూర్చోబెట్టండి.