పండ్ల ఈగ దేహ నిర్మాణంలో జన్యువుల పాత్ర

పండ్ల ఈగ (డ్రోసోఫిలా మెలనోగాస్టర్) పిండంలో తల, ఉరం, ఉదరం ఎక్కడెక్కడ ఏర్పడాలో అంచెలంచెలుగా పనిచేసే జన్యువులు నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు ఒక రోజులో గుడ్డు నుంచి లార్వా వెలువడుతుంది. దేహం ఖండితాలుగా (వరుస భాగాలుగా) విడిపోయే తీరు మాత్రం మొదటి కొన్ని గంటల్లోనే ఖరారవుతుంది.

తల్లి జన్యువులు

గుడ్డు తయారయ్యేటప్పుడే తల్లి ఈగ నుంచి బైకాయిడ్ ఆర్‌ఎన్‌ఏ ముందు కొసకు, నానోస్ ఆర్‌ఎన్‌ఏ వెనుక కొసకు చేరతాయి. ఫలదీకరణ తర్వాత కొంతసేపు కేంద్రకాలు మాత్రమే విభజన చెందుతాయి, వాటి మధ్య కణత్వచాలు ఉండవు. దాంతో బైకాయిడ్ ప్రోటీన్ వెనక్కి వ్యాపిస్తూ పోనుపోను పలచబడుతుంది. దాని గాఢతను బట్టి ఒక్కో చోట ఒక్కో రకం జన్యువులు పనిచేస్తాయి. బైకాయిడ్ లోపించిన తల్లి గుడ్లలో తల, ఉరం ఏర్పడవు.

ఖండితాల ఏర్పాటు

తర్వాత హంచ్‌బ్యాక్, క్రుప్పెల్ వంటి గ్యాప్ జన్యువులు పిండాన్ని పెద్ద భాగాలుగా విడదీస్తాయి. వాటి అదుపులో పెయిర్ రూల్ జన్యువులు ఏడేసి పట్టీలుగా వ్యక్తమవుతాయి. ఉదాహరణకు ఈవెన్ స్కిప్డ్ జన్యువు రెండో పట్టీని బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రోటీన్లు ప్రేరేపిస్తాయి. జెయింట్ ప్రోటీన్ ముందువైపు, క్రుప్పెల్ ప్రోటీన్ వెనుకవైపు దాన్ని అణచి హద్దులు గీస్తాయి. ఆపై ఎన్‌గ్రెయిల్డ్ వంటి జన్యువులు ప్రతి ఖండితంలో ముందు, వెనుక భాగాలను స్థిరపరుస్తాయి.

హాక్స్ జన్యువులు

ఏ ఖండితంలో ఏ అవయవం రావాలో హాక్స్ జన్యువులు తేలుస్తాయి. ఇవి మూడో క్రోమోజోమ్‌పై రెండు సముదాయాలుగా ఉంటాయి. దేహంలో అవి పనిచేసే భాగాల వరుస, క్రోమోజోమ్‌పై వాటి వరుస దాదాపు ఒకటే. వీటిలో ఒకటైన అల్ట్రాబైథొరాక్స్ పనితీరును దెబ్బతీసే కొన్ని ఉత్పరివర్తనాలు ఒకేచోట కలిస్తే ఉరంలోని మూడో ఖండితం రెండో ఖండితంలా మారి, ఈగకు నాలుగు రెక్కలు వస్తాయి. ఆంటెనాపీడియా అనే మరో హాక్స్ జన్యువు తలలో పనిచేస్తే స్పర్శశృంగాల చోట కాళ్లు మొలుస్తాయి.

పరిశోధన

హాక్స్ జన్యువుల రెండు సముదాయాల్లో ఒకటైన బైథొరాక్స్ సముదాయంపై ఎడ్వర్డ్ లూయిస్ అమెరికాలో దశాబ్దాల పాటు పరిశోధించారు. హైడెల్‌బర్గ్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ వేలాది ఉత్పరివర్తిత వంశాలను జల్లెడపట్టి, ఖండితాలను నిర్దేశించే జన్యువులను గుర్తించి 1980లో ప్రకటించారు. ఈ ముగ్గురికీ 1995లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. హాక్స్ జన్యువుల్లో ఉమ్మడిగా కనిపించే, సుమారు 180 క్షార జంటల పొడవుండే హోమియోబాక్స్ అనే డీఎన్‌ఏ భాగాన్ని 1980ల తొలినాళ్లలో కనుగొన్నారు. మనిషిలో ఇలాంటి హాక్స్ జన్యువులు 39 ఉన్నాయి.