అప్పు బూట్లతో 13 గోల్స్: జుస్త్ ఫోంతేన్ కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు, "అన్నా, ఎప్పుడూ మెస్సీ, రొనాల్డో, ఎంబాపేనేనా, పాతవాళ్ల గురించి చెప్పవా?" అని. సరే, ఈరోజు బాగా పాత మనిషినే పట్టుకొచ్చాను. పేరు ఇంగ్లీషులో చూస్తే 'జస్ట్' అని ఉంటుంది. ఫ్రెంచివాళ్లు జుస్త్ ఫోంతేన్ అంటారు.

ముందు ఒక నంబర్ చెప్తాను. ఒకే వరల్డ్ కప్‌లో 13 గోల్స్. కెరీర్ మొత్తంలో కాదు, ఒక్క టోర్నమెంట్‌లో. అదీ 6 మ్యాచ్‌ల్లో, 20 రోజుల్లో. 2022లో గోల్డెన్ బూట్ గెలిచిన ఎంబాపే కొట్టినవి 8. 2002లో బ్రెజిల్ రొనాల్డో కొట్టినవీ 8. మెస్సీ 5 వరల్డ్ కప్‌లు ఆడి మొత్తం 13కి చేరాడు. ఆయన పదహారేళ్లలో కొట్టినన్ని ఈయన మూడు వారాల్లో కొట్టేశాడు.

కానీ ఈ వీడియో నేను గోల్స్ కోసం చేయట్లేదు. అది కాసేపాగి చెప్తాను.

ఫోంతేన్ పుట్టింది ఫ్రాన్స్‌లో కాదు, మొరాకోలో. 1933 ఆగస్టు 18న మరాకెష్‌లో. అప్పుడు మొరాకో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. నాన్న ఫ్రెంచ్, అమ్మ స్పానిష్. కాసాబ్లాంకా క్లబ్‌లో ఆట మొదలుపెట్టి, 1953లో సముద్రం దాటి నీస్ క్లబ్‌కి వచ్చాడు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే లక్సెంబర్గ్ మీద ఫ్రాన్స్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు, అందులోనే హ్యాట్రిక్. అయినా తర్వాత నేషనల్ టీమ్‌లో చోటు గట్టిగా దొరకలేదు. 1956లో రెంస్ క్లబ్ ఆయన్ని కొనుక్కుంది. ఎందుకంటే వాళ్ల స్టార్ రేమండ్ కోపా రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు, ఆ ఖాళీ నింపాలి. 1957-58 సీజన్‌లో ఫోంతేన్ 26 లీగ్ మ్యాచ్‌ల్లో 34 గోల్స్ కొట్టాడు. అదీ మధ్యలో మోకాలికి ఆపరేషన్ చేయించుకుని వచ్చి.

ఇంత చేసినా 1958లో స్వీడన్ వరల్డ్ కప్‌కి వెళ్లేటప్పుడు ఆయనకి మొదటి పదకొండులో చోటు గ్యారంటీ లేదు. రెంస్‌లోనే ఆడే రెనే బ్లియార్ అనే ఇంకో స్ట్రైకర్ ఉండేవాడు. టోర్నీకి ముందు బ్లియార్‌కి గాయమైంది. దాంతో చోటు ఈయనకి వచ్చింది. చోటు వచ్చాక ఇంకో తంటా: ప్రాక్టీస్‌లో బూటు పాడైపోయింది. అప్పట్లో స్పాన్సర్లు, బాక్సుల కొద్దీ కొత్త జతలు ఎక్కడివి? టీమ్‌లో స్తెఫాన్ బ్రూయే అని ఒకాయన ఉన్నాడు, రిజర్వ్ ఆటగాడు. ఇద్దరిదీ ఒకే సైజు. ఆయన తన జత ఇచ్చాడు. వరల్డ్ కప్ చరిత్రలో అతి పెద్ద గోల్స్ రికార్డు పుట్టింది వేరేవాళ్ల బూట్లలో అన్నమాట.

పరాగ్వేతో మొదటి మ్యాచ్. ఒక దశలో ఫ్రాన్స్ 2-3తో వెనకబడింది. అక్కడి నుంచి వరసగా ఐదు కొట్టి 7-3తో గెలిచింది, అందులో ఫోంతేన్‌వి మూడు. యుగోస్లావియా మీద రెండు, కానీ ఆ మ్యాచ్ ఓడిపోయారు. స్కాట్లాండ్ మీద ఒకటి. క్వార్టర్ ఫైనల్‌లో నార్తర్న్ ఐర్లాండ్ మీద రెండు. గోల్స్ ఈయనవే అయినా చాలావాటి వెనక కోపా పాస్‌లు ఉన్నాయి. క్లబ్‌లో కోపా వెళ్లిపోయాక ఆ లోటు తీర్చడానికి వచ్చినవాడు, నేషనల్ టీమ్‌లో అదే కోపాతో జత కలిశాడు.

సెమీఫైనల్ బ్రెజిల్‌తో. అవతల 17 ఏళ్ల కుర్రాడు ఒకడున్నాడు, పేరు పెలే. బ్రెజిల్ అప్పటిదాకా ఆ టోర్నీలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, మొదటిది ఫోంతేనే కొట్టాడు. స్కోరు 1-1 ఉండగా ఫ్రాన్స్ డిఫెండర్ రాబర్ జోంకే కాలు విరిగింది. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు, ఒకరు పడిపోతే మిగిలినవాళ్లతోనే లాగాలి. జోంకే కుంటుకుంటూ ఒక పక్కన నిలబడ్డాడు. ఫ్రాన్స్ 2-5తో ఓడింది, పెలే హ్యాట్రిక్ కొట్టాడు. జోంకే బాగుండి ఉంటే ఏమయ్యేదో అని ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. నా లెక్కలో అయినా బ్రెజిలే గెలిచేది, కాకపోతే ఇంత తేడాతో కాదు.

మూడో స్థానం మ్యాచ్‌లో పశ్చిమ జర్మనీ మీద 6-3, ఫోంతేన్‌వి నాలుగు. ఆ మ్యాచ్‌లో ఫ్రాన్స్‌కి పెనాల్టీ వస్తే కోపా కొట్టాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఈయన 13లో ఒక్కటి కూడా పెనాల్టీ లేదు. ప్రైజ్ ఏంటంటే ఒక స్వీడిష్ పేపర్ వాళ్లు ఇచ్చిన ఎయిర్ గన్. నవ్వకండి, నిజం. అప్పటికి గోల్డెన్ బూట్ అవార్డే లేదు. బూట్లు మాత్రం ఓనర్‌కి వాపస్.

ఈ టీమ్‌లో ఉండాల్సిన ఇద్దరు లేరని కూడా చెప్పాలి. అల్జీరియాలో ఫ్రాన్స్ మీద స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న రోజులవి. రషీద్ మెఖ్లూఫీ, ముస్తఫా జితూనీ ఆ వరల్డ్ కప్‌కి ఫ్రాన్స్ లిస్టులో ఉన్నవాళ్లే. 1958 ఏప్రిల్‌లో రహస్యంగా ఫ్రాన్స్ వదిలి, అల్జీరియా విముక్తి ఉద్యమం పెట్టుకున్న ఫుట్‌బాల్ టీమ్‌లో చేరిపోయారు. వరల్డ్ కప్ వదులుకుని వెళ్లారు. అది వేరే ఎపిసోడ్‌కి సరిపోయే కథ.

1959లో ఫోంతేన్ యూరోపియన్ కప్‌లో 10 గోల్స్‌తో టాప్ స్కోరర్. ఫైనల్లో రెంస్ 0-2తో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడింది, ఆ మాడ్రిడ్‌లో కోపా ఉన్నాడు. తర్వాత 1960 మార్చిలో సోషో క్లబ్‌తో మ్యాచ్‌లో ఒక టాకిల్‌కి ఈయన ఎడమకాలు విరిగింది. (అదే ఏడాది రోమ్ ఒలింపిక్స్‌లో మన ఇండియా ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసింది, కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్. ఒలింపిక్స్‌లో అమెచ్యూర్లే ఆడేవారు కాబట్టి కాలు బాగున్నా ఫోంతేన్ ఉండేవాడు కాదు. ఊరికే చెప్పాను, చెప్పకుండా ఉండలేక.) కోలుకుని తిరిగొచ్చాడు. 1961 జనవరిలో అదే కాలు మళ్లీ విరిగింది. 1962లో ఆట మానేశాడు. వయసు 28. ఫ్రాన్స్‌కి ఆడింది 21 మ్యాచ్‌లే, గోల్స్ 30.

నాకు 28 వచ్చి నెలరోజులైంది. అందుకే ఈ టాపిక్ ఎంచుకున్నాను. ఇంకో కారణం ఉంది, మొదట్లో చెప్తానన్నది అదే.

బీటెక్ అవగానే నాకు వచ్చిన మొదటి జాబ్‌లో రెండేళ్ల బాండ్ రాయించుకున్నారు. మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి, టెన్త్ నుంచి ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్ల బీరువాలో. మీలో చాలామందికి ఇది కొత్త కాదు. ఏడాదిన్నర అయ్యేసరికి ఇంకోచోట మంచి ఆఫర్ వచ్చింది, వెళ్లలేకపోయాను. "సంతకం పెట్టేముందు చదివావా?" అని నాన్న అడిగారు. చదవలేదు.

ఇప్పుడు ఫ్రెంచ్ ఫుట్‌బాలర్ల బాండ్ చూడండి. ఒకసారి ప్రొఫెషనల్‌గా సంతకం పెడితే 35 ఏళ్లు వచ్చేదాకా ఆ క్లబ్ సొత్తే. క్లబ్‌కి ఇష్టమైతే అమ్ముతుంది, ఇష్టం లేకపోతే ఉంచేసుకుంటుంది. ఆటగాడు నేను వెళ్తానంటే కుదరదు. 28 ఏళ్లకే కాలు పోయేవాడిని 35 దాకా కట్టేసే కాగితం అది.

1961 నవంబర్‌లో ఆటగాళ్లు ఒక యూనియన్ పెట్టారు, యూఎన్ఎఫ్‌పీ. దీని వెనక ముఖ్యమైన మనిషి యూజీన్ ఎన్‌జో లేయా. కామెరూన్‌లో పుట్టి, సెంట్ ఎటియెన్ క్లబ్‌కి ఆడుతూ లా చదివినవాడు, తర్వాత కామెరూన్‌కి దౌత్యవేత్త అయ్యాడు. మొదటి అధ్యక్షుడు ఫోంతేన్. అప్పటికి కాలు రెండుసార్లు విరిగి ఉంది, ఇక ఎంతకాలం ఆడగలడో ఆయనకే తెలియదు. తనకి పనికిరాని హక్కు కోసం ముందు నిలబడ్డాడు. దేశంలో అందరికీ తెలిసిన పేరు పైన ఉంటే క్లబ్ ఓనర్లు మాట వినక తప్పదు కదా.

1963లో కోపా ఒక పత్రికలో ఫుట్‌బాలర్లు బానిసలు అని మాట్లాడి పెద్ద గొడవ చేశాడు, శిక్ష కూడా పడింది. ఈ పోరు ఒక్కరోజులో తేలలేదు. గడువున్న కాంట్రాక్ట్ 1969లో వచ్చింది. 1972లో క్లబ్‌లు దాన్ని వెనక్కి లాగబోతే ఆటగాళ్లు సమ్మె చేశారు. ఫోంతేన్ ఆట మానేసి అప్పటికి పదేళ్లు.

కోచ్‌గా ఆయన కథ ఎత్తుపల్లాలే. 1967లో ఫ్రాన్స్ టీమ్‌కి కోచ్ అయ్యాడు, రెండు మ్యాచ్‌లు, రెండూ ఓటమి, అంతే. 1974లో పీఎస్‌జీని ఫస్ట్ డివిజన్‌కి తీసుకొచ్చింది మాత్రం ఈయనే. ఇప్పుడు మనం డబ్బున్న క్లబ్ అనుకునే అదే పీఎస్‌జీ. 1980లో మొరాకో కోచ్‌గా ఆఫ్రికా కప్‌లో మూడో స్థానం.

2022 డిసెంబర్‌లో ఖతార్‌లో వరల్డ్ కప్ సెమీఫైనల్‌లో ఫ్రాన్స్, మొరాకో తలపడ్డాయి. పుట్టిన నేల ఒకవైపు, ఆడిన జెర్సీ ఇంకోవైపు. ఫ్రాన్స్ 2-0తో గెలిచింది. తర్వాత రెండున్నర నెలలకి, 2023 మార్చి 1న ఫోంతేన్ తులూజ్‌లో చనిపోయారు. 89 ఏళ్లు.

మీలో ఎవరికైనా బాండ్ అనుభవం ఉంటే కింద రాయండి, కంపెనీ పేరు వద్దు. వచ్చే ఎపిసోడ్ మెఖ్లూఫీ మీద.